ఆదికి పంపిన చొక్కా

పోయిన వారం చదవనివాళ్ళకీ, చదివి కూడా మామిడిపళ్ళ ధ్యాసలో పడి మరిచిపోయినవాళ్ళకీ రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నూజివీడులో తోటలూ, కాయ అమ్మే కమిషను కొట్టూ ఉన్న వీరభద్రరావుగారి అమ్మాయి కల్యాణికి, విస్సన్నపేట దగ్గరి రైతు బసవపున్నారావుగారి ఒక్కగానొక్క కొడుకు మురళీకృష్ణతో పెళ్ళి కుదిరింది. సంబంధం తెచ్చింది కల్యాణి వదిన వరలక్ష్మి. ముహూర్తం ఇంకా పదహారు రోజులుంది. పెళ్ళికొడుక్కి సూటు కుట్టించాల్సింది ఆడపెళ్ళివారు గనక ఆ పని వరలక్ష్మి భర్త, కల్యాణి అన్న జగన్మోహనరావు నెత్తిన పడింది. కాయ దింపే రోజులు కావడంతో పెళ్ళికొడుకు తోట వదిలి కొలతలకి రాలేనన్నాడు. వాళ్ళమ్మ బసవమ్మగారు చొక్కా ఒకటి మడత పెట్టి ఆదికి పంపించారు. కోటుకి మనిషి ఒంటి మీద టేపు పడాలి, చొక్కా చూసి కుదరదు అని టైలరు నారాయణరావు మొత్తుకున్నాడు. జగన్మోహనరావు వినలేదు. ఆ చొక్కా కొలతల మీదే గుడ్డ కత్తిరించి, కచ్చా కుట్లు వేసి ఉంచాడు నారాయణరావు. ఇవాళ ట్రయలు.

అసలా గుడ్డ ఎన్నుకోవడమే పెద్ద పంచాయితీ అయింది. వీరభద్రరావుగారు గంధం రంగు అన్నారు. కల్యాణి నేవీ బ్లూ అని వదిన చేత చెప్పించింది. నల్లగా కనపడేదేదీ పెళ్ళిలోకి వద్దని బసవమ్మగారు విస్సన్నపేట నుంచి కబురు చేశారు. ఎండలు మండిపోతున్నాయి, ఏ సఫారీయో కుట్టిస్తే సరిపోతుంది కదా అని జగన్మోహనరావు నోరు జారితే తండ్రి కస్సుమన్నాడు. "సఫారీలు మన కొట్లో గుమాస్తాలు వేస్తున్నార్రా. వేసుకునేది గంటే అయినా ఫొటోలో ఉండేది నూరేళ్ళు" అన్నాడు. చివరికి ఎవరూ అడగని కాఫీ రంగు ఖాయమైంది. పెళ్ళిళ్ళలో నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి, ఎవరికీ ఇష్టం లేనిదానికి అందరూ ఒప్పుకుంటారు.

పదకొండు గంటల బస్సుకి దిగాడు మురళీకృష్ణ. బస్టాండు ఎదురుగా మేడ మీద నారాయణరావు షాపు. మెట్లెక్కి వచ్చేసరికి అతనికి చెమటలు కారుతున్నాయి. చేతుల మీద మామిడి సొన మరకలు ఇంకా పోలేదు.

"రండి బావగారూ, రండి. ఎండలో శ్రమ పెట్టాం" అన్నాడు జగన్మోహనరావు.

"మీకే శ్రమండీ. నా కోసం కొట్టు వదులుకుని కూర్చున్నారు" అన్నాడు మురళీకృష్ణ.

మర్యాదలు బాగానే జరిగాయి. నారాయణరావు మంచినీళ్ళిచ్చి, ఫ్యాను పెద్దది చేసి, హ్యాంగరుకున్న కోటు తెచ్చి అతనికి తొడిగాడు. తొడిగి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

జగన్మోహనరావు అద్దంలోకి చూశాడు. కోటు లోపల పెళ్ళికొడుకు ఉన్నాడా లేదా అన్నట్టుంది. భుజాలు రెండూ చేతుల మీదికి జారిపోయాయి. ఛాతీ దగ్గర ఇంకో మనిషి పట్టేంత చోటుంది. తెల్లటి కచ్చా కుట్లతో, ఆ వదులు కోటులో, తండ్రి బట్టలు వేసుకుని నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు మురళీకృష్ణ. పాపం, అతనూ అద్దంలో చూసుకుని తల దించుకున్నాడు.

"ఏంటయ్యా నారాయణరావ్, ఏం కత్తిరించావు నువ్వు?" అన్నాడు జగన్మోహనరావు. పోయిన వారం తను పట్టిన పంతం సంగతి అప్పుడే మరిచిపోయాడు.

నారాయణరావుకి యాభై ఏళ్ళుంటాయి. బెజవాడలో పెద్ద షాపులో పదేళ్ళు సూట్లు కుట్టి వచ్చినవాడు. తన కత్తెర తప్పంటే ఊరుకునే మనిషి కాదు. బల్ల మీదున్న ఆది చొక్కా తీసి పరిచి, టేపు వేసి చూపించాడు. "చూసుకోండి బాబూ. వదులు తీసేస్తే ఈ చొక్కా వేసుకున్న మనిషి ఛాతీ నలభై. నేను నలభైకే కత్తిరించాను." టేపు తీసుకెళ్ళి మురళీకృష్ణ కోటూ, లోపలి చొక్కా విప్పించి, ఛాతీ చుట్టూ వేశాడు. "ముప్ఫై ఆరున్నర."

"చొక్కా వేరేవాళ్ళదేమో. ఇంట్లో ఎవరిదో పొరపాటున వచ్చిందేమో" అన్నాడు జగన్మోహనరావు. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే అలా అయితే బాగుండునని అతని మనసు కోరుకుంది.

"నాదేనండీ" అన్నాడు మురళీకృష్ణ నెమ్మదిగా. "రెండేళ్ళ కిందట దసరాకి కుట్టించుకున్నాను. మా అమ్మ... ఆడపెళ్ళివారింటికి పాత చొక్కా పంపితే నామోషీ అని, పెట్టెలో ఉన్నవాటిలో మంచిది ఏరి పంపింది. నాకు చెప్పలేదు."

బసవమ్మగారిని తప్పు పట్టడానికి లేదు. మనవైపు ఏ తల్లయినా అదే చేస్తుంది. రోజూ వేసుకునే చొక్కాకి కాలరు అరిగి ఉంటుంది, సొన మరకలుంటాయి, వియ్యాలవారు ఏమనుకుంటారో అని భయం. ఆ మంచి చొక్కా కొడుకు ఏ రోజుల్లో వేసుకున్నాడో, ఆ తరవాత వాడి ఒళ్ళు ఏమైందో ఆవిడకి ఆ క్షణంలో తట్టలేదు. పరువు కోసం ఎంత జాగ్రత్త పడిందో అంత పనీ అయింది.

నారాయణరావు ఈలోగా మెడ కొలిచాడు. చొక్కా కాలరు పట్టి చూశాడు. మళ్ళీ మెడ కొలిచాడు.

"మెడ కూడానా?" అన్నాడు జగన్మోహనరావు.

"అంగుళం" అన్నాడు నారాయణరావు. "పొట్ట తగ్గితే తిండి తగ్గించాడనుకుంటాం బాబూ. మెడ తగ్గిందంటే..." అని ఆగి, సర్దుకుని, గొంతు హుషారు చేశాడు. "ఏం ఫర్వాలేదు. నేనున్నాను కదా. సింగిల్ బ్రెస్టు మానేసి డబుల్ బ్రెస్టు చేద్దాం. భుజాలకి ప్యాడింగు దట్టిస్తాను. ఛాతీకి కాన్వాసు రెండు పొరలు వేశానంటే మనిషి నిండుగా కనపడతాడు. ఎవరికీ తెలీదు."

"ఏం తెలీదు?"

జగన్మోహనరావు ఆ రెండు మాటలూ గట్టిగా ఏమీ అనలేదు. అయినా నారాయణరావు చేతిలో టేపు ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మురళీకృష్ణ తన భుజం మీద చెయ్యి వేసుకుని, వెంటనే తీసేశాడు.

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కోటులో కాస్త దూది పెట్టడం అందులో ఎన్నో వంతు బాబూ" అని నవ్వబోయాడు నారాయణరావు. ఎవరూ నవ్వలేదు.

"ప్యాడింగు వద్దండీ" అన్నాడు మురళీకృష్ణ. "నేనెంత ఉన్నానో అంతకే కుట్టండి."

నారాయణరావు అతని ముఖం కాసేపు చూశాడు. పాతికేళ్ళుగా పెళ్ళికొడుకుల ఒళ్ళు కొలుస్తున్నవాడు, పొట్టి చెయ్యి, ఎగుడు భుజం, లోపలికి పోయిన ఛాతీ అన్నీ చూసినవాడు, వాటిలో ఏ సంగతీ ఈ మేడ మెట్లు దిగనివ్వనివాడు. కత్తెర బల్ల మీద పెట్టి, "టీ చెప్పొస్తానుండండి" అని కిందకి వెళ్ళిపోయాడు. టీ కొట్టువాడు కేకేస్తే పలికేంత దూరంలోనే ఉంటాడన్న సంగతి ముగ్గురికీ తెలుసు.

జగన్మోహనరావుకి చెల్లెలు గుర్తొచ్చింది. కల్యాణికి తొమ్మిదో ఏట తల్లి పోయింది. అప్పుడతనికి ఇరవై. అప్పటినుంచి ఆ పిల్లకి రెండు జడలు వెయ్యడం, స్లిప్పులు పెట్టడం, స్కూలుకి దిగబెట్టడం అన్నీ తనే చేశాడు. తండ్రికి తోటలే లోకం. "అన్నయ్యా, నువ్వు చూశావుగా, నాకింకేం కావాలి" అని పెళ్ళిచూపులయ్యాక అంది కల్యాణి. అంత నమ్మకం పెట్టుకున్న పిల్ల కోసం తను ఏం చూశాడు? కుర్రాడు సన్నగా, హుందాగా ఉన్నాడనుకున్నాడు. పైగా కష్టజీవి, అందుకే ఒళ్ళు చెయ్యలేదని తండ్రితో తనే చెప్పాడు.

"చెప్పండి" అన్నాడు.

మురళీకృష్ణ తన చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. అన్ని బొత్తాలూ పెట్టుకున్నాకే మాట్లాడాడు.

"పోయినేడాది శివరాత్రి రోజుల్లో నాకు దగ్గులో రక్తం పడిందండీ. బెజవాడ తీసుకెళ్ళారు. టీబీ అన్నారు."

కింద బస్సు హారను మోగింది. జగన్మోహనరావు కుర్చీ కోసం చెయ్యి చాపి, దొరక్కపోతే బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇంజెక్షన్లు, మాత్రలు, తొమ్మిది నెలలు వాడాను. ఒక్క రోజు మానలేదు. కార్తీక మాసంలో ఎక్స్‌రే తీసి పూర్తిగా పోయిందన్నారు. ఆ తొమ్మిది నెలలూ ఊళ్ళో మాత్రం గుంటూరులో మిర్చి వ్యాపారం నేర్చుకుంటున్నానని చెప్పారు మా నాన్న. ఇప్పటికీ దారిన పోయేవాళ్ళు నన్నాపి మిర్చి ధర అడుగుతుంటారు."

మరో రోజైతే జగన్మోహనరావు పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు అతనికి మండిపోయింది.

"పోయిందన్నారా? మళ్ళీ రాదని రాసిచ్చారా మీ డాక్టరు?"

"రాసివ్వలేదండీ. ఒళ్ళు చూసుకుంటే రాదన్నారు."

"ఆ పెద్దమనిషి, మీ నాన్నగారు, మా ఇంట్లో కూర్చుని రసాలు జుర్రుకుంటూ, 'మావాడు తలనొప్పి కూడా ఎరగడు' అన్నారండీ. మా నాన్న కూడా విన్నాడు. అవునా?"

"అన్నారు."

"మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను" అన్నాడు మురళీకృష్ణ. "మీ ఇంట్లో మగవాళ్ళెవరికీ చెప్పనని మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ తల మీద చెయ్యి పెట్టించి మరీ. ఆ ఒట్టు ఇవాళ తప్పాను. నేను కాదు, ఆ చొక్కా తప్పించింది."

అంటూనే దగ్గాడు. ఒకసారి, రెండుసార్లు. షాపు నిండా గుడ్డ దుమ్ము, దూది నూగు, ఎవరికైనా దగ్గొస్తుంది. కాని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మురళీకృష్ణ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, అది తెల్లగా ఉందో లేదో చూసుకున్నాడు. తెల్లగానే ఉంది. ఆ చూసుకోవడం జగన్మోహనరావు కంట పడింది. భయం, జాలి, కోపం, ఏది ఎంతో అతనికే తెలియలేదు.

"బావగారూ" అన్నాడు. అలవాటుగా వచ్చిన పిలుపు సగంలో చేదుగా అనిపించింది. "మా అమ్మ దేంతో పోయిందో మీకు తెలుసా?"

"తెలీదండీ."

"దీంతోనే. పన్నెండేళ్ళయింది. రెండేళ్ళు మంచంలో ఉంది. తోటలో పాకలో పడుకోబెట్టాం. మా చెల్లెలు గుమ్మం అవతల నిలబడి అమ్మని చూసేది. లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. 'అమ్మా, ఒక్కసారి ముట్టుకుని వెళ్ళిపోతా' అని ఏడ్చేది. ఆఖరికి ముట్టుకోనిచ్చింది అమ్మ పోయాకే. ఇప్పుడు మళ్ళీ దాన్ని తీసుకెళ్ళి అదే గుమ్మం ముందు నిలబెట్టమంటారా నన్ను?"

చెబుతుంటే అతనికి కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. తుడుచుకోలేదు. ఇంకా చాలా అనాలనుకున్నాడు. పెళ్ళి ఆగిపోతుందని, కార్డులు పంచేసిన సంగతి తనకి అనవసరమని, ఈ సాయంత్రమే తండ్రిని తీసుకుని విస్సన్నపేట వస్తానని. కాని మురళీకృష్ణ ముఖం చూసి ఆగాడు. అతను భయపడ్డట్టు లేడు, సిగ్గుపడ్డట్టు లేడు. ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడేసి చూస్తున్నాడు.

"మరి కల్యాణిగారు ఈ సంగతి రాయలేదేంటండీ?" అన్నాడు.

"ఎక్కడ రాయలేదు?"

"ఉత్తరంలో."

"ఏ ఉత్తరం?"

మురళీకృష్ణ తడబడ్డాడు. పెళ్ళికి ముందు పెళ్ళికూతురికి ఉత్తరాలు రాశానని ఆమె అన్నగారితో చెప్పడం ఏ కుర్రాడికీ సుఖంగా ఉండదు. అయినా చెప్పాడు. "మీ ఇంట్లో మగవాళ్ళకి చెప్పనని ఒట్టు వేశాను గాని, పెళ్ళికూతురికి చెప్పనని వెయ్యలేదండీ. తాంబూలాలు పుచ్చుకున్న నాలుగో రోజున కల్యాణిగారి పేరున ఉత్తరం రాశాను. జబ్బు పేరు, వాడిన మందులు, డాక్టరు చెప్పింది, ఏదీ దాచలేదు. మీకిష్టం లేకపోతే ఒక్క ముక్క రాయండి, తప్పు నా మీద వేసుకుని నేనే తప్పుకుంటాను, మీ పేరు బయటికి రాదు అని రాశాను."

జగన్మోహనరావు నమ్మలేకపోయాడు. ఇంత సంగతి తెలిసి కల్యాణి తనతో అనకుండా ఉందా? చెప్పు తెగినా అన్నయ్యతో చెప్పే పిల్ల! నిన్న సాయంత్రం కూడా వసారాలో కూర్చుని, కాఫీ రంగు కోటు మీదికి టై ఏ రంగు బాగుంటుందని అడిగింది. ఆ ముఖంలో దాచుకున్నది ఏమైనా ఉందా? అతనెంత గుర్తు చేసుకున్నా కనపడలేదు.

"జవాబొచ్చిందా?" అన్నాడు.

"వారం తిరక్కుండా వచ్చిందండీ."

"ఎక్కడుంది?"

మురళీకృష్ణ ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత ప్యాంటు జేబులోంచి పర్సు తీశాడు. పర్సులోంచి మడతలు నలిగిపోయిన ఇన్లాండు కవరు తీశాడు. ఎన్నిసార్లు విప్పి చదివాడో, మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. దాన్ని జాగ్రత్తగా విప్పి, జగన్మోహనరావు చేతికిచ్చాడు.

"ఈ జవాబు రాకపోయుంటే నేనీ పెళ్ళికి ఒప్పుకునేవాణ్ణి కాదు బావగారూ. జబ్బు తగ్గాక కూడా నాకు అన్నం సయించేది కాదు. ఇది వచ్చిన రోజున మా అమ్మ చేత రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. అంత ధైర్యంగా రాశారు ఆవిడ. చదవండి, మీకే తెలుస్తుంది."

నాలుగే వాక్యాలున్నాయి. మీ జబ్బు సంగతి తెలిసింది, నాకు ఏ అభ్యంతరమూ లేదు. తగ్గిపోయినదాన్ని తవ్వుకోవడం ఇద్దరికీ మంచిది కాదు. ఈ సంగతి మా నాన్నగారికి గాని, అన్నయ్యకి గాని ఎప్పుడూ తెలియనివ్వకండి. ఇక మీదట ఉత్తరాలు రాయకండి, ఇంట్లో చూస్తే బాగుండదు. కింద, కల్యాణి అని సంతకం.

జగన్మోహనరావు మొదటిసారి మాటలు చదివాడు. రెండోసారి మాటలు చదవలేదు, అక్షరాలు చూశాడు. కల్యాణికి రాత దిద్దబెట్టింది తనే. దాని అక్షరాలు నిలువుగా, విడివిడిగా, తొందర లేకుండా ఉంటాయి. ఇవి కుడి పక్కకి వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెడుతున్నాయి.

కుర్చీ వెతికి కూర్చున్నాడు. పొద్దున కొట్టుకి బయల్దేరుతుంటే ఇంట్లోంచి జేబులో పెట్టి పంపిన కాగితం ముక్క ఒకటుంది. పసుపు కొమ్ములు, గంధం, వక్కలు, కొబ్బరికాయలు, ట్రయలు కాగానే తీసుకురమ్మని. దాన్ని పైకి తీశాడు. మడత విప్పి, ఇన్లాండు కవరు పక్కన బల్ల మీద పెట్టాడు.

మురళీకృష్ణ వంగి చూశాడు. ఒక కాగితం, రెండో కాగితం, మళ్ళీ మొదటిది. రెండింటిలోనూ అదే వాలు రాత. అతని ముఖంలో రక్తం ఇంకిపోవడం జగన్మోహనరావుకి తెలుస్తూనే ఉంది. మెట్ల మీద నారాయణరావు చెప్పుల చప్పుడు, టీ గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు పైకి వస్తున్నాయి.

"ఈ చీటీ ఎవరు రాశారండీ?" అన్నాడు మురళీకృష్ణ.

"మా ఆవిడ" అన్నాడు జగన్మోహనరావు.